కసిం నలుపుతో సోలార్ సెల్ నడుస్తుందా?

కాళహస్తి_కలం: తుప్పు ఇనుము, బెల్లం ఊరేసిన కసిం కరక్కాయ మీద పడితే వచ్చే కలంకారీ నలుపు కూడా లోహం, కర్బన అణువు పెనవేసుకున్న లోహ సంక్లిష్ట రంగే కదా. వెలుగంతా మింగేస్తుంది. రంగుతో వెలుగు పట్టే సోలార్ సెల్‌లో టైటానియా (టైటానియం డయాక్సైడ్) పూతకి దీన్నే ఎక్కిస్తే పోయేదానికి, అంత ఖరీదైన రుథేనియం రంగు ఎన్719 ఎందుకు?

అలిపిరి_మెట్టు: నల్లగుంటే చాలదు సామీ, ఎలక్ట్రాన్ ఎటు పోతుందో చూడాల. ఎన్719లో వెలుగు తగిలితే అది రుథేనియం నుంచి, దాన్ని పట్టుకున్న బైపిరిడిన్ అనే కర్బన అణువు మీదికి పోతుంది. ఆ బైపిరిడిన్ కార్బాక్సిల్ కొసతో టైటానియాను పట్టుకునే ఉంటుంది, అక్కణ్ణుంచి దిగిపోతుంది. కసిం నలుపులో టానిన్ (కరక్కాయ వగరు) నుంచి ఇనుములోకే పోతుంది, ఇంక బయటికి రాదు. పైగా ఊడిన ఫెర్రిక్ (ఇనుము) అయాన్లు, సెల్ లోపల ఎలక్ట్రాన్లని రంగుకి తిరిగి అందించే ద్రావణంలోని అయోడైడ్‌ని అయోడిన్ చేసేస్తాయి.

స్వర్ణముఖి: నలుపు సంగతి ఒప్పుకుంటా, ఇనుమునే కొట్టిపారేయడం ఒప్పుకోను. బైపిరిడిన్‌తో కట్టిన ఫెర్రస్ సంక్లిష్టంలో దిశ సరిగ్గానే ఉంటుంది. చిక్కల్లా, ఎలక్ట్రాన్ టైటానియాలోకి దిగేలోపే, దాదాపు 100 ఫెమ్టోసెకన్లలో (ఫెమ్టోసెకను అంటే పికోసెకనులో వెయ్యో వంతు) ఆ శక్తి ఇనుము సొంత డి-కక్ష్యల్లోకి జారిపోవడం. బైపిరిడిన్ బదులు కార్బీన్ లైగాండ్లతో (ఇనుమును గట్టిగా పట్టే కర్బన అణువులతో) ఆ డి-కక్ష్యల స్థాయిని పైకి నెట్టి, ఆ గడువుని పికోసెకన్ల దాకా సాగదీశారు.

అలిపిరి_మెట్టు: సాగదీసినా సామర్థ్యం ఒకటి, రెండు శాతం దగ్గరే. ఎన్719 పది ఎప్పుడో దాటింది. రంగు ఎక్కించే ద్రావణం 10 మి.లీ.కి ఎన్719 3.6 మి.గ్రా. చాలు, అంటే 0.3 మిల్లీమోలార్, అసిటోనైట్రైల్, టెర్ట్-బ్యూటనాల్ సగం సగం. పూతను 450 డిగ్రీల్లో కాల్చి, 80కి దిగంగానే వేడిమీదే ముంచి, చీకట్లో 16 నుంచి 20 గంటలు ఉంచాల. చల్లారాక ముంచితే గాల్లో తేమ ముందే చోటు పట్టేసి రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది.

స్వర్ణముఖి: మే నెలలో తిరుపతి మిద్దె మీద పెట్టే సెల్ అయితే దానికీ తిప్పలే. సెల్ లోపలి ద్రావణంలోనూ ఉండే అసిటోనైట్రైల్ 82 డిగ్రీలకే మరుగుతుంది, సీలు కాస్త వదులైనా ఎగిరిపోతుంది. వేడికి ఎన్719లో రుథేనియాన్ని పట్టుకున్న థయోసయనేట్ జారి, సెల్ ద్రావణంలో వోల్టేజీ కోసం కలిపే టెర్ట్-బ్యూటైల్‌పిరిడిన్ దాని చోట కూర్చుంటుంది. ఎరుపు వైపు వెలుగు పట్టడం తగ్గుతుంది.

కాళహస్తి_కలం: అట్లయితే కలంకారీ ఎరుపు, అలిజరిన్?

స్వర్ణముఖి: అది నయం, కానీ పటిక వేయొద్దు. టైటానియాను పట్టుకోవాల్సిన హైడ్రాక్సిల్ కొసలకు అల్యూమినియం అడ్డొస్తుంది. ఇథనాల్‌లో కరిగించి ఉత్తదే ఎక్కించండి, టైటానియమే దానికి లోహం. పసుపు రంగు అలిజరిన్ ద్రావణం పూత మీద ఎర్రబడితే పట్టుకున్నట్టే.

అలిపిరి_మెట్టు: అలిజరిన్ నుంచి ఎలక్ట్రాన్ 6 ఫెమ్టోసెకన్లలోనే టైటానియాలోకి దిగుతుంది, నిజమే. వెనక్కి రావడమూ తొందరే, అందుకే కరెంటు మిల్లీఆంపియర్లకి రాక చతికిలబడుతుంది. బడిపిల్లలకి చూపించడానికైతే సరే.

కాళహస్తి_కలం: అలిజరిన్‌కి కూడా టెర్ట్-బ్యూటైల్‌పిరిడిన్ కలపాలా?

స్వర్ణముఖి: వద్దు. అది టైటానియా వాహక పట్టీని (ఎలక్ట్రాన్ దిగే శక్తి మెట్టుని) పైకి లేపుతుంది. అలిజరిన్ ఉత్తేజిత స్థాయి అసలే ఆ అంచు మీద ఉంది. లిథియం అయోడైడ్ వేయండి, పట్టీ కిందికి దిగుతుంది. వోల్టేజీ కొంత పోతుంది, పోనీ.