“నీచమైన కూషు”: ఈ విశేషణానికి సరైన తెలుగు మాట ఏది?

మాస్టారూ, ఈజిప్టు శాసనాల అనువాదాల్లో కూషు పేరు వచ్చినప్పుడల్లా ముందు “నీచమైన” అని ఎందుకు తగిలిస్తారని అడిగారు. మన తెలుగు బైబిల్లో చదివే కూషు దేశమే ఇది. నైలు వెంబడి ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా.

మూలంలో ఉన్న మాటకు బలం లేని, దిక్కుమాలిన, ఓడిపోయిన అనే అర్థాలున్నాయి. “నీచ” అనగానే మనకు పుట్టుక, కులం గుర్తొస్తాయి. అందుకే ఆ అనువాదం నాకు ససేమిరా నచ్చదు. నన్నడిగితే “చేవలేని కూషు” అంటాను. ఇదే తిట్టును ఈజిప్టు రాజు రెండవ రామ్సెస్ కాదేషు యుద్ధం రాతల్లో ఉత్తరాన ఉన్న హిత్తీయుల రాజుకూ వాడాడు. అంటే శత్రువు ఎవరైనా సరే పేరు పక్కన ఇది పడాల్సిందే. మన విజయనగర శాసనాల్లో రాజు పేరుకు ముందు “మూరురాయరగండ” అనే బిరుదు వచ్చినట్టే, ఇక్కడ శత్రువు పేరుకు ఇది వస్తుంది.

ఈ భాష ఎంత ఘాటుగా ఉంటుందో చూడాలంటే సెమ్నా దగ్గరి సరిహద్దు రాయి చదవాలి. రెండో జలపాతానికి ఎగువన, రాతి గుట్టల మధ్య నైలు ఇరుకుగా పారే చోటు అది. ఈజిప్టు రాజు మూడవ సెనుస్రెత్ తన ఏలుబడి 16వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1850 ప్రాంతంలో, అక్కడ నిలబెట్టించాడు. నూబియన్లు గౌరవించదగ్గ మనుషులు కారనీ, చేవలేని వాళ్లనీ, గుండె చెదిరిన వాళ్లనీ అందులో ఉంది. ఈ హద్దును నిలబెట్టినవాడే నా కొడుకు, వదులుకున్నవాడు నాకు పుట్టినవాడే కాడు అని కూడా చెక్కించాడు.

అదే రాజు 8వ ఏట వేయించిన రాయి మాత్రం వేరే ధోరణిలో నడుస్తుంది. నూబియన్లెవరూ పడవ మీద గానీ కాలినడకన గానీ పశువులతో గానీ హద్దు దాటి ఉత్తరానికి రాకూడదు. అయితే ఇకెన్ అనే చోట సరుకు అమ్ముకోవడానికి వచ్చేవాళ్లు, రాయబారం మీద వచ్చేవాళ్లు రావచ్చు, వాళ్లను బాగా చూడాలి. ఇకెన్ అంటే నేటి మిర్గిస్సా. “చేవలేని వాళ్లు” అన్నవాళ్లతోనే బేరసారాలు! బంగారం, దంతం, నల్లచేవ కర్ర దక్షిణం నుంచి రావాలి, వాళ్లు లేకపోతే గడవదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే సెమ్నా, మరికొన్ని సరిహద్దు కోటల నుంచి దక్షిణ ఈజిప్టు నగరమైన థీబ్స్‌కు వెళ్లిన కబుర్లున్నాయి. పపైరస్ మీద రాసిన ఈ నివేదికలు 19వ శతాబ్దం చివర్లో థీబ్స్‌లో ఒక సమాధిలో దొరికాయి. వీటిలో తిట్లుండవు. నూబియన్లు వచ్చారు, తెచ్చింది మారకం చేసుకున్నారు, మామూలుగా ఇచ్చే రొట్టె, బీరు ఇచ్చి పంపించాం, వచ్చిన దారినే దక్షిణానికి వెళ్లిపోయారు. ఇంకో దాంట్లో గస్తీవాళ్లకు 32 మంది మనుషుల, 3 గాడిదల అడుగుజాడలు కనిపించాయి. మరో చోట ఎడారి నుంచి మెజాయ్ తెగవాళ్లు దిగివచ్చి రాజుగారి కొలువులో ఉంటామన్నారు. ఎడారి సంగతేమిటని అడిగితే, మేమేమీ వినలేదు గానీ ఎడారి ఆకలితో చస్తోందన్నారు. వాళ్లను అదే రోజు వెనక్కి పంపేశారు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

తర్వాత కాలం తిరగబడింది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో కూషు రాజు పియే ఉత్తరానికి దండెత్తి ఈజిప్టును గెలిచాడు. ఆ విజయాన్ని ఈజిప్టు భాషలోనే, ఈజిప్టు లిపిలోనే చెక్కించాడు. లొంగిపోయిన ఉత్తరాది దొరల్ని చేపలు తింటారనీ సున్నతి లేదనీ తన రాజమందిరంలోకి రానివ్వలేదు. చేపలు తినని, శుచిగా ఉన్న నిమ్లోత్‌ను మాత్రమే రానిచ్చాడు. ఈజిప్టు పూజారుల ఆచారం ఈజిప్టు దొరల కంటే తనకే బాగా తెలుసన్న ధీమా అది. బైబిల్లో “కూషురాజైన తిర్హాకా” అని వచ్చేది ఈ వంశపు తహర్కానే.

కింద వ్యాఖ్యల్లో ఒక చెల్లెలు, ఈజిప్టువాళ్లు నూబియన్లకు వాడిన “నేహ్సీ” అనే మాటను “నల్లవాడు” అని రాయవచ్చా అని అడిగారు. వద్దమ్మా, అది జాతి పేరు, రంగు పేరు కాదు. నూబియన్ అనే ఉంచండి. ఆ మాట ఈజిప్టులో పిల్లలకు పెట్టుకునే పేరు కూడా అయింది: పా-నేహ్సీ, “ఆ నూబియన్” అని. రామ్సెస్‌ల చివరి రోజుల్లో కూషు మీద రాజప్రతినిధిగా ఉన్నవాడి పేరు అదే. అహరోను మనుమడు ఫీనెహాసు పేరు కూడా ఇందులోంచే వచ్చిందని చాలామంది పండితులు అంటారు. మన ఊళ్లలో ఆ పేరున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.