అప్‌డేట్: నడిమి గదిలోకి వెలుతురు వచ్చింది

కాకినాడలో మా పాత పెంకుటింట్లో నడిమి గదికి కిటికీ లేదు, రెండు పక్కలా ఇరుగుపొరుగు గోడలే, పగలు కూడా లైటు వేయాల్సి వస్తోంది, ఏం చేయొచ్చని వేసవిలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

ముందు గాజు పెంకులు వేయించాం. ఉత్తరం వాలులో అయితే ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ కాస్త తక్కువగా పడుతుందని మేస్త్రి అక్కడే నాలుగు పెంకులు మార్చాడు. పాత పెంకుల సైజుకి సరిపడేవి దొరకడమే కష్టమైంది. ఇప్పుడు పొద్దున్నే అమ్మ లైటు వేయకుండానే బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. ఆవిడ ముఖంలో ఆ సంతోషం చూస్తే ఖర్చు గుర్తుకే రాలేదు.

గాలి విషయంలో నాకు బాగా నచ్చిన సలహా, తలుపు పైన వెంటిలేటర్ తెరవమన్నది. దోమల కోసం ఎప్పుడో అట్ట కొట్టేసి ఉంది. అది పీకేసి మెష్ బిగించాం. వేడి గాలి పైకి చేరి అటునుంచి పోతుంది, వీధి కిటికీ తీసి ఉంచితే కింద నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక తేడా స్పష్టంగా తెలుస్తోంది. గోడలకి తెల్ల సున్నం కూడా వేయించాం.

వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇంకా మిగిలింది. పెట్టేటప్పుడు ఎదురుగా గాలి వచ్చే దారి తెరిచే ఉంచాలి, లేకపోతే అది లాగడానికి గాలే ఉండదు. వానలకి గాజు పెంకుల దగ్గర కారలేదు.