1381 తిరుగుబాటు: కారణం ప్లేగా, యుద్ధమా, దర్బారా?

చరిత్రపిచ్చి

ఇంగ్లండ్‌లో 1381 నాటి రైతు తిరుగుబాటు గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ. 1348లో బ్లాక్ డెత్ అనే ప్లేగు వచ్చింది, జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారు, మిగిలిన కూలీలకు గిరాకీ పెరిగింది, దొరలేమో పాత కూలికే పని చెయ్యమన్నారు, జనం తిరగబడ్డారు. వినడానికి బాగానే ఉంటుంది. నా అనుమానం ఒక్కటే: మరి 33 ఏళ్ళు ఎందుకు ఆగారు? ప్లేగు ఏడాది పుట్టిన పిల్లకు 1381 నాటికి పెళ్ళీడు కూతురుండాలి.

నా మటుకు నాకు అసలు కారణం ఫ్రాన్స్‌తో యుద్ధం. ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ 1346లో క్రెసీ యుద్ధం గెలిచాడు, 1347లో కలే పట్టణం పట్టాడు, 1356లో పాటియే దగ్గర ఆయన పెద్దకొడుకు బ్లాక్ ప్రిన్స్ ఏకంగా ఫ్రాన్స్ రాజునే బందీ చేశాడు. అన్నాళ్ళూ జనం గొణుక్కుంటూనే పన్నులు కట్టారు. 1369లో యుద్ధం మళ్ళీ మొదలయ్యాక మాత్రం అన్నీ ఎదురుదెబ్బలే. 1373లో రాజుగారి మరో కొడుకు జాన్ ఆఫ్ గాంట్ కలే నుంచి బోర్డో దాకా సైన్యాన్ని నడిపించాడు. దారిలో మనుషుల్నీ గుర్రాల్నీ పోగొట్టుకుని, సాధించిందేమీ లేకుండా తేలాడు. 1377లో ఫ్రెంచివాళ్ళే ఇంగ్లండ్ తీరానికి వచ్చి రై పట్టణం తగలబెట్టారు. ఖజానా ఖాళీ. అప్పుడు దిగింది తలపన్ను.

1377లో 14 ఏళ్ళు దాటిన మనిషికి 4 పెన్నీలు. 1379లో హోదాను బట్టి వేశారు. 1380 నవంబరులో నార్తాంప్టన్‌లో కూర్చున్న పార్లమెంటు 15 దాటిన మనిషికి 12 పెన్నీల లెక్కన వేసింది. కోతకూలికి చట్టం ఒప్పుకున్న రేటు రోజుకు 2, 3 పెన్నీలు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఎన్ని రోజుల కూలి అవుతుందో మీరే చూసుకోండి. 1377లో పన్ను కట్టినవాళ్ళు సుమారు 13.5 లక్షల మంది. 1381 జాబితాల్లో అందులో మూడో వంతు మాయం! వాళ్ళంతా చచ్చిపోలేదు. పెళ్ళికాని చెల్లెళ్ళనీ, విధవ తల్లుల్నీ ఊరివాళ్ళే లెక్కలోంచి తప్పించారు. ఆ మాయమైనవాళ్ళను వెతకమని అధికారుల్ని పంపితే, మే 30న ఎసెక్స్ జిల్లాలో బ్రెంట్‌వుడ్ దగ్గర గొడవ రాజుకుంది. ఇందులో ప్లేగు ఎక్కడుందో చెప్పండి.

నేలగుణం

33 ఏళ్ళు ఊరికే కూర్చున్నారని ఎవరన్నారండీ? ప్లేగు ఇంకా ఊళ్ళు తిరుగుతుండగానే, 1349 జూన్‌లో కూలి మీద ఆంక్షల ఆజ్ఞ వచ్చింది. 1351లో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. భూమీ వ్యాపారమూ లేని, 60 ఏళ్ళ లోపు మనిషి ఎవరైనా, 1346 నాటి కూలికే పని చెయ్యాలి. కాదంటే జైలు. ఎక్కువ కూలి తీసుకున్నందుకు జరిమానా పడ్డవాళ్ళు ఒక్క ఎసెక్స్‌లోనే వేలల్లో ఉన్నారు. అంటే ఆ ముప్పై ఏళ్ళూ ఊళ్ళలో ఏటేటా పంచాయితీలే.

ఇంకో సంగతి. ప్లేగు ఒక్కసారి వచ్చి పోలేదు. 1361లో మళ్ళీ వచ్చి పిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయింది. 1369లో ఇంకోసారి, 1375లో ఇంకోసారి. జనాభా కోలుకుంటే కూలి దానంతటదే తగ్గుతుందని దొరలు ఎదురుచూశారు, అది జరగలేదు.

పోనీ, తిరగబడ్డవాళ్ళు ఏం అడిగారో చూద్దాం. జూన్ 14న లండన్ పక్కన మైల్ ఎండ్‌లో రాజు రెండో రిచర్డ్‌ను (మూడో ఎడ్వర్డ్ మనవడు, 14 ఏళ్ళ పిల్లాడు పాపం) కలిసినప్పుడు వాళ్ళ ముఖ్యమైన కోరికలు: వెట్టి రద్దు కావాలి, భూమికి ఎకరానికి 4 పెన్నీల శిస్తు మించకూడదు, ఇష్టమైనవాళ్ళ దగ్గర ఒప్పందం మీద పని చేసుకునే హక్కు కావాలి. ఊరూరా తగలబెట్టింది దొరల కోర్టు దస్తావేజులు, ఎవడు ఎవడికి వెట్టి చెయ్యాలో రాసి ఉన్నవి. కోపం తలపన్ను మీదే అయితే పన్ను జాబితాలు చింపేసి ఇంటికి పోయేవాళ్ళు కదా?

మైలెండ్ మూర్తి

నేను రోజూ ఆఫీసుకు వెళ్ళేది మైల్ ఎండ్ స్టేషన్ మీదుగానే. ఏడేళ్ళ కుర్రాడికి కూడా ఆ పేరు చెబితే ట్యూబ్ రైలే గుర్తొస్తుంది తప్ప రిచర్డ్ కాదు. సరే, విషయానికి వస్తాను.

మీరిద్దరూ డబ్బు, భూమి అంటున్నారు. ఎవర్ని చంపారో ఎవరూ చూడటం లేదు. జూన్ 13న లండన్‌లోకి దూరగానే రాజుగారి బాబాయి జాన్ ఆఫ్ గాంట్‌గారి సవోయ్ మహల్ తగలబెట్టారు. దోచుకోవద్దని కట్టడి చేసుకుని మరీ తగలబెట్టారు. వెండి వస్తువు దాచుకున్న ఒకణ్ణి తమవాళ్ళే ఆ మంటల్లోకి తోసేశారని ఆనాటి కథనం. మర్నాడు లండన్ టవర్ కోటలోంచి చాన్సలర్‌నూ (ఆయనే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సడ్బరీ) కోశాధికారి హేల్స్‌నూ ఈడ్చుకొచ్చి తలలు నరికారు. రాజు మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు. "మేం రిచర్డ్ రాజు పక్షం, ప్రజల పక్షం" అన్నదే వాళ్ళ సంకేతం.

ఆ రోజు చచ్చినవాళ్ళలో రిచర్డ్ లయన్స్ అనే వ్యాపారి ఉన్నాడు. ఈ లయన్స్ ఎవరో తెలియాలంటే 1376కి వెళ్ళాలి. ముసలి ఎడ్వర్డ్ మంచానపడ్డాడు, బ్లాక్ ప్రిన్స్ చావుబతుకుల్లో ఉన్నాడు, రాజుగారి ఉంపుడుగత్తె ఆలిస్ పెరర్స్ మాట దర్బారులో చెల్లుతోంది, లార్డ్ లాటిమర్, ఈ లయన్స్ కలిసి రాజుకు అప్పులిచ్చే వంకతో ఖజానా నాకేస్తున్నారు. అప్పుడు సమావేశమైన 'గుడ్ పార్లమెంటు'లో పీటర్ డి లా మేర్ అనే నైట్ ప్రతినిధుల తరఫున నిలబడి ఇద్దరి మీదా ఆరోపణలు పెట్టి దోషులుగా తేల్పించాడు. పార్లమెంటు రాజుగారి మనుషుల్ని అలా విచారించడం అదే మొదలు. తర్వాత? గాంట్ ఆ తీర్పులన్నీ తిరగేశాడు. లయన్స్ బయటికొచ్చాడు, డి లా మేర్ నాటింగ్‌హామ్ జైలుకు వెళ్ళాడు.

పార్లమెంటు శిక్ష వేసి కూడా అమలు చేయించలేకపోయింది. అయిదేళ్ళ తర్వాత లండన్ వీధిలో జనం అమలు చేశారు. నా దృష్టిలో 1381 అంటే ఇదే: దర్బారు మీద నమ్మకం పోవడం. పన్నూ వెట్టీ అంతకు ముందు కూడా ఉన్నవే.

కొత్తగూడెం కుర్రాడు

మూర్తి అన్నా, చదవడానికి సినిమాలా ఉంది. కానీ సఫక్‌లో పొలం దున్నుకునేవాడికి రిచర్డ్ లయన్స్ ఎవరో తెలుసా? లాజిక్ ఉండాలి కదా.

మైలెండ్ మూర్తి

తమ్ముడూ, సఫక్ సరిహద్దు పక్కనే, ఎసెక్స్ వైపు, లయన్స్‌కు ఎస్టేటు ఉంది. జూన్‌లో సఫక్ తిరుగుబాటు నాయకుడు జాన్ రా గుంపు మొదట పడింది దాని మీదే.

సత్రం కబుర్లు

ఈ ముగ్గురి వాదనల్లోనూ ఇమడని ఊరు ఒకటుంది, సెయింట్ ఆల్బన్స్. అక్కడ పెత్తనమంతా మఠాధిపతిది. జనం ధాన్యం మఠం మరలోనే ఆడించుకోవాలి, ఇంట్లో తిరగలి పెట్టుకోకూడదు. ప్లేగుకు చాలా ముందే రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ అనే మఠాధిపతి ఊళ్ళో తిరగళ్ళన్నీ లాక్కున్నాడు. అక్కడితో ఆగితే ఎలాగో ఉండేది. ఆ రాళ్ళను తెచ్చి మఠంలో తన గది ముందు నేలకు పరిపించాడు. వచ్చిపోయేవాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళాలన్నమాట. ఈయన గొప్ప గణితవేత్త, ఖగోళ గడియారం కట్టించినవాడు. తెలివికీ కుళ్ళుబోతుతనానికీ చుట్టరికం లేదని ఎవరన్నారు!

1381 జూన్‌లో విలియం గ్రిండ్‌కాబ్ నాయకత్వంలో జనం లోపలికి వెళ్ళి ఆ రాళ్ళు పెకిలించి, ముక్కలు చేసి, ప్రసాదంలా తలా ఒకటి పంచుకుని ఇంటికి పట్టుకెళ్ళారు. ఇది ప్లేగు పగ కాదు, తలపన్ను పగ అసలే కాదు.

అంతకంటే ముఖ్యం, ఈ గొడవ 1327లో కూడా లేచింది. అక్కడే కాదు, బెరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో కూడా. 1327 అంటే ఏ సంవత్సరం? రాణి ఇసబెల్లా, మార్టిమర్ కలిసి రెండో ఎడ్వర్డ్‌ను గద్దె దింపి, 14 ఏళ్ళ కొడుకును కూర్చోబెట్టిన సంవత్సరం. 1381లో మళ్ళీ అదే ఊళ్ళు, మళ్ళీ గద్దె మీద 14 ఏళ్ళ రాజు. ఈసారి బెరీ మఠం పెద్దనూ, దేశపు ప్రధాన న్యాయమూర్తి కావెండిష్‌నూ చంపారు. పైన అధికారం బలహీనపడ్డప్పుడల్లా పాత పగలు లేస్తున్నాయి. ఈ లెక్కన నా ఓటు మూర్తి గారికే, కాకపోతే నమ్మకం, అన్యాయం లాంటి పెద్ద మాటల కోసం కాదు. కొట్టేవాడు లేడని తెలిసింది, అంతే.

చరిత్రపిచ్చి

సత్రం గారూ, తిరగలి రాళ్ళ సంగతి అద్భుతం. కానీ ఊళ్ళ పగలు చెప్పగలిగేది ఆ ఊళ్ళ గురించే. ఎసెక్స్, కెంట్ మొదట ఎందుకు లేచాయి?

నేలగుణం గారికి నా ప్రశ్న ఇంకా సూటిది. ప్లేగు యూరప్ అంతా వచ్చింది. అదే కారణమైతే తిరుగుబాట్లు ప్లేగు తర్వాత వరసగా రావాలి. ఎప్పుడొచ్చాయి? ఫ్రాన్స్‌లో 1358లో, పాటియేలో రాజు బందీ అయి ప్రభువుల పరువు పోయిన రెండేళ్ళకు. 1382లో రువాన్‌లో, పారిస్‌లో, రెండుచోట్లా యుద్ధపు పన్నుల మీద. మీ కూలి చట్టం అంత మంటపెడితే 1352లోనో 1362లోనో దేశం లేవాలి. యుద్ధం గెలుస్తున్నంత కాలం లేవలేదు.

పైగా కెంట్‌లో వెట్టి లేదు! కెంట్‌లో పుట్టినవాడు పుట్టుకతోనే స్వతంత్రుడని ఆ జిల్లా ఆచారం. తిరుగుబాటు నాయకుడు వాట్ టైలర్ జనం వచ్చింది అక్కణ్ణుంచే. వెట్టి లేని జిల్లా వెట్టి రద్దు కోసం లండన్ మీదకు నడిచిందా? కెంట్‌కు ఉన్నది సముద్ర తీరం. శత్రువుల ఓడలు థేమ్స్‌లోకి దూరి 1380లో గ్రేవ్‌సెండ్ కాల్చిపోయాయి. పన్ను కట్టించుకుని కాపాడలేని ప్రభుత్వం వాళ్ళకు కళ్ళెదురుగా కనిపించింది.

నేలగుణం

కెంట్ సంగతి వస్తుందని తెలుసు, సిద్ధంగానే ఉన్నాను.

ముందు 1377 చూడండి. 12 పెన్నీల పన్నుకు మూడేళ్ళ ముందు విల్ట్‌షైర్, హాంప్‌షైర్, సర్రే జిల్లాల్లో పల్లెలకు పల్లెలు వెట్టి మానేశాయి. ఎలా? 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో తమ ఊరు ఒకప్పుడు రాజుగారి సొంత భూమి అని రాసి ఉందంటూ, డబ్బులు పోగేసుకుని, లాయర్లను పెట్టుకుని, నకళ్ళు తీయించుకున్నారు. మూడొందల ఏళ్ళ నాటి రికార్డు వెతికించుకున్న జనం చదువురాని మూక కాదు. ఇది చూసి భయపడి పార్లమెంటు సభ్యులే "ఫ్రాన్స్‌లో జరిగినట్టు ఇక్కడా జరుగుతుంది" అని రాజుకు విన్నవించుకున్నారు. 12 పెన్నీల తలపన్ను తర్వాత పుట్టిన కోపం కాదిది.

1352లో ఎందుకు లేవలేదంటే, చట్టాన్ని అమలు చేసింది ఎవరో చూడాలి. ఎసెక్స్‌లో బ్రెంట్‌వుడ్‌కు పన్ను లెక్క అడగడానికి వచ్చిన జాన్ బాంప్టన్ అదే జిల్లాలో జస్టిస్ ఆఫ్ ది పీస్, అంటే స్థానిక న్యాయాధికారి. కూలి చట్టం కింద జరిమానాలు వేసేది ఆ జస్టిస్‌లే. ముప్పై ఏళ్ళుగా కూలి కోసే కుర్చీలో ఉన్నవాళ్ళే ఇప్పుడు తలకు 12 పెన్నీలు అడుగుతున్నారు. మీరు యుద్ధం, ప్లేగు అని రెండు ఖాతాలు రాస్తున్నారు, ఊళ్ళో వాటికి వచ్చిన మనిషి ఒక్కడే. తిరగబడ్డవాళ్ళలో ఊరి పెద్దలు, జూరీలో కూర్చున్నవాళ్ళు, కానిస్టేబుళ్ళు అంతమంది ఉండటానికి కారణం కూడా ఇదే అనుకుంటాను. పై నుంచి వచ్చిన ప్రతి ఆజ్ఞనూ తమవాళ్ళ మీద అమలు చేయాల్సిన బాధ్యత వాళ్ళ నెత్తినే పడింది.

ఇక కెంట్. వెట్టి లేదన్నమాట నిజం, కూలి చట్టం మాత్రం అక్కడా ఉంది. స్వతంత్రుణ్ణి అనుకునేవాడికి, నీ రేటు నువ్వు చెప్పకూడదు అంటే ఇంకా మండుతుంది. అసలు కెంట్‌లో మంట దేనికి అంటుకుందో ఆనాటి కథనంలోనే ఉంది. సర్ సైమన్ బర్లీ పేరు చెప్పి కొందరు గ్రేవ్‌సెండ్‌కు వచ్చి, అక్కడ బతుకుతున్న ఒకతను బర్లీకి వెట్టివాడు అన్నారు. ఊరివాళ్ళు బేరమాడితే 300 పౌండ్లు ఇస్తేనే వదులుతామన్నారు. కుదరక అతన్ని రోచెస్టర్ కోటలో పెట్టారు. జూన్ 6న జనం ఆ కోట మీద పడి అతన్ని విడిపించారు. లండన్ నడక దాని తర్వాతే. వెట్టి లేని జిల్లాలో కూడా మనిషిని వెట్టివాడని పట్టుకుపోవచ్చని తెలిసాక ఎవరు ఇంట్లో కూర్చుంటారు?

సత్రం కబుర్లు

తిరుగుబాటు అణిగాక 1381 నవంబరులో కూర్చున్న పార్లమెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. జూన్‌లో రాజు వెట్టివాళ్ళకు ఇచ్చిన విముక్తి పత్రాలు జూలైలోనే రద్దయ్యాయి. వెట్టివాళ్ళను నిజంగానే విడిచిపెడదామా అని ప్రభుత్వం అడిగితే ప్రభువులూ ప్రతినిధులూ ఒక్క గొంతుతో వద్దన్నారు. అదే సభలో స్పీకర్ రిచర్డ్ వాల్డెగ్రేవ్ తప్పంతా రాజు పరివారం మీదా, పన్నుల మీదా, తీరాన్ని కాపాడలేకపోవడం మీదా పెట్టాడు. చరిత్రపిచ్చి గారికి పండగే.

చరిత్రపిచ్చి

పండగే మరి! అక్కడ కూర్చుని చూసినవాళ్ళే చెప్పారు. తలపన్ను ఆ శతాబ్దంలో మళ్ళీ ఎత్తలేదు కూడా. వెట్టి ఇంకో వందేళ్ళు ఈడ్చింది.

నేలగుణం

చెప్పినవాళ్ళంతా భూస్వాములండీ. తప్పు తమ పొలాల్లో ఉందని వాళ్ళే ఒప్పుకోవాలా?

మైలెండ్ మూర్తి

నేలగుణం గారూ, ఒక్క మాట. మీరు చెప్పిన ఆ సైమన్ బర్లీ కుర్ర రాజు రిచర్డ్‌కు గురువు, దర్బారులో పెద్ద తలకాయ. 1388లో దర్బారు శత్రువులు పార్లమెంటులో తల తీయించింది కూడా ఆయనదే. కెంట్‌ను మీ ఖాతాలో వేసుకోండి, బర్లీ మాత్రం నావాడు.