సమస్యాపూరణం: పొట్టి గడయె మిగులఁ బొడవు గాదె

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. విషయం ఫ్లై ఫిషింగ్‌లో, అంటే ఈకలతో పురుగులా కట్టిన గాలం విసిరి చేపలు పట్టడంలో, వాడే ఆరడుగుల గడ. అక్కడ విసిరేది ఈక కట్టిన గాలాన్ని కాదు, దారం బరువును. పొట్టిది పొడవెలా అవుతుందో పూరణలో తేలాలి.

మొదటి పూరణ:
చేయి వెనుక నుండి చెవి దాటి సాగగా
కొనయు నడచు దారి గొప్పదౌను;
అడుగులారు గాని హస్తమ్ము తోడైన
పొట్టి గడయె మిగులఁ బొడవు గాదె!

నిర్వాహకుడు: చాలా బాగుంది. విరోధం విడిపోయింది, విసురులోని అసలు కిటుకూ పట్టుబడింది. గడ వంపును పక్కన పెట్టి లెక్క వేయండి. 60 డిగ్రీలు తిప్పితే మామూలు తొమ్మిదడుగుల గడ కొన సుమారు 9.4 అడుగులు నడుస్తుంది, ఆరడుగులది 6.3 మాత్రమే. ఆ మూడడుగుల లోటును చేయి ముందుకు జరిగి పూడ్చాలి. మణికట్టు ఒక్కటే తిప్పేవారికి పొట్టి గడ లొంగనిది అందుకే. ఆరడుగుల గడతో అట్లాంటిక్ సాల్మన్ చేపలను పట్టిన అమెరికా ఫ్లై ఫిషింగ్ నిపుణుడు లీ వుల్ఫ్ ఉదాహరణ ఎప్పుడూ నా మనసులో ఉంటుంది. 'నడచు' తర్వాత 'అడుగులు' రావడం మరీ నచ్చింది. అ–హ యతి సరిపోయింది.

రెండో పూరణ:
ఎడమ చేత దారమించుక లాగంగ
వేగమెక్కి దూకు వెనుక ముందు;
కర్ర కురచ యనుట కనులకే గాని, యా
పొట్టి గడయె మిగులఁ బొడవు గాదె!

నిర్వాహకుడు: డబుల్ హాల్‌ను, అంటే వెనుక విసురులోనూ ముందు విసురులోనూ రెండో చేత్తో దారాన్ని లాగడాన్ని, రెండు పాదాల్లో చెప్పారు, అభినందనలు. వెనుక విసురులో లాగిన చేయి దారాన్ని మళ్లీ గడ వైపు వదలాలి. లేకుంటే ముందు విసురుకు లాగడానికి ఏమీ మిగలదు.

మూడో పూరణ:
గడను నింగి మీద గట్టిగా ద్రిప్పిన
దారమెగిరి దూకు దవ్వు దాక;
బలము చేతనున్న భయమేల మనకిట
పొట్టి గడయె మిగులఁ బొడవు గాదె!

నిర్వాహకుడు: గణాలు, యతులు నిర్దోషం. భావంతో మాత్రం ఏకీభవించలేను. గడను పెద్ద చాపంలో తిప్పితే కొన వంపుగా పోతుంది, దారం మడత వెడల్పయి గాలిలోనే చచ్చుబడుతుంది. కొన సూటిగా సాగి, ఠక్కున ఆగాలి. మొదటి, మూడో పాదాలను ఇలా మారిస్తే?

గడను సూటిగానుఁ గదలించి యాపిన
...
బలము కన్న నిలుపు ఫలియించు మనకిట

మూడో పూరణ కవి: సవరణ శిరోధార్యం, గురువుగారూ. వెనుక విసురులో దారం గడ్డికి తగులుతోంది. పొట్టి గడ కదా, తొందరగా ముందుకు తేవాలా?

నిర్వాహకుడు: వద్దండీ. కొన తక్కువ ఎత్తులో ఉంటుంది కనుక చేయి పైకెత్తి, వెనుకకు కాస్త ఎగువగా విసరండి. దారం వెనుక పూర్తిగా విప్పుకునే దాకా ఆగండి. గడ పొట్టిదైనా ఆ ఆగడం తగ్గదు, అది బయట ఉన్న దారం పొడవును బట్టే ఉంటుంది.