మూత్రం మంట, కల్చర్‌లో ఏమీ లేదు, గదిలో కెటమిన్ – విశాఖలో ఎక్కడ చూపించాలి?

ఎంవీపీ_సెక్టార్ (ప్రశ్న):
మా పిన్ని కొడుకు, ఇరవై మూడేళ్లు, రుషికొండ వైపు రూమ్‌లో ఉంటాడు. ముప్పావుగంటకోసారి బాత్రూమ్‌కి వెళ్తున్నాడు, రాత్రిళ్లు కూడా. పొత్తికడుపులో నొప్పి, మంట, ఒకసారి ఎర్రగా కూడా వచ్చిందట. ఇన్‌ఫెక్షన్ అనుకుని రెండు కోర్సులు యాంటీబయాటిక్ వాడించారు, తగ్గలేదు. కల్చర్ (మూత్రంలో క్రిములు వెతికే పరీక్ష) రిపోర్టులో ఏమీ లేదు. గదిలో తెల్ల పౌడరు అంటుకున్న చిన్న జిప్ కవర్లు దొరికాయి. గట్టిగా అడిగితే కెటమిన్ అన్నాడు. పైగా "ఇది గంజాయి లాంటిది కాదు, ఆసుపత్రుల్లో ఇచ్చే మందే, డిప్రెషన్‌కి కూడా ఇస్తారు" అని మాకే చెప్తున్నాడు.

మూత్రం సమస్యకీ దీనికీ సంబంధం ఉందా? అలవాటు ముదిరిందని ఎలా తెలుస్తుంది? ఇంట్లో కిట్‌తో టెస్ట్ చేయొచ్చా? వైజాగ్‌లో ఎక్కడికి తీసుకెళ్లాలి, వెళ్తే పోలీసు కేసు అవుతుందా? బాబాయికి ఇంకా చెప్పలేదు.

ఓపీ_చీటీ:
సంబంధం ఉందండీ. మీరు రాసిన మొదటి ఐదు వాక్యాలే చాలు, పౌడరు సంగతి చెప్పకపోయినా అనుమానించాల్సిందే. కుర్రవయసు, మాటిమాటికీ మూత్రం, రక్తం, కల్చర్ శుభ్రం, యాంటీబయాటిక్‌కి లొంగకపోవడం. వీటిని కలిపి చూసినప్పుడు కెటమిన్ గురించి అడగాలి. మన దగ్గర చాలాచోట్ల ఆ ప్రశ్న ఎవరూ వేయరు, మూడో కోర్సు రాసి పంపేస్తారు.

కెటమిన్, అది శరీరంలో విరిగి తయారయ్యే పదార్థాలు మూత్రంలోంచే బయటికి పోతాయి. మూత్రాశయంలో నిలవ ఉన్నంతసేపూ లోపలి పొరను కాలుస్తాయి. ముందు వాపు, తర్వాత పుండ్లు, ఆ తర్వాత గోడ గట్టిపడి సంచి కుంచించుకుపోతుంది. మామూలుగా 400–500 మిల్లీలీటర్లు పట్టేది ముదిరిన కేసుల్లో 100 కూడా పట్టదు. ఇంకా వాడితే మూత్రనాళాలు సన్నబడి కిడ్నీల్లో నీరు నిలుస్తుంది. వైద్య పత్రికల్లో ఈ జబ్బు మొదటిసారి నమోదైంది 2007లోనే, అందుకే పాత పుస్తకాలు చదువుకున్నవాళ్లకి వెంటనే తట్టదు.

అసలు చిక్కు ఇంకోటుంది. కెటమిన్ మత్తుమందు, నొప్పిని చంపుతుంది. మంట పుడితే పౌడరు పీలుస్తాడు, గంటసేపు హాయి, ఆ పౌడరే మళ్లీ మూత్రంలోకి దిగి మంట పెంచుతుంది. ఈ దశకి వచ్చినవాణ్ణి "మానెయ్" అంటే మానలేడు, నొప్పికి వేరే దారి చూపించకుండా మానిపించలేరు కూడా. అందుకే యూరాలజీ, సైకియాట్రీ ఒకేసారి మొదలవ్వాలి, ఒకటి అయ్యాక ఒకటి కాదు.

వెళ్లేముందు మూడు రోజులు ఒక పని చేయించండి. గీతలున్న ప్లాస్టిక్ మగ్గులో ప్రతిసారీ మూత్రం కొలిచి, టైమూ ఎంఎల్లూ నోట్‌బుక్‌లో రాయమనండి. "రాత్రి 1:10 – 60, 1:55 – 45" అని ఉన్న పేజీ చూస్తే డాక్టరుకి పది నిమిషాల మాటలు మిగుల్తాయి. పరీక్షలు: యూరిన్ రొటీన్, కల్చర్, సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష), లివర్ ఫంక్షన్, కిడ్నీ–మూత్రాశయం అల్ట్రాసౌండ్, మూత్రం పోశాక ఎంత మిగిలిందో కూడా చూస్తూ. అవసరాన్ని బట్టి సిస్టోస్కోపీ, అంటే సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం. దానికి మత్తు ఇస్తారు కాబట్టి కెటమిన్ వాడకం సంగతి మత్తు ఇచ్చే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

పై కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంటే అదీ చెప్పండి. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతుంటారు గానీ, కెటమిన్ పిత్తనాళాలను కూడా దెబ్బతీస్తుంది. లివర్ పరీక్ష రాయించేది అందుకే.

బాత్రూమ్‌కి వెళ్లాలన్న భయంతో నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రం చిక్కబడి మంట రెట్టింపవుతుంది. నీళ్లు తాగాలి, కాఫీ, కూల్‌డ్రింకులు, మద్యం ఆపాలి. క్రియాటినిన్ చూడకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయొద్దు.

మందుల_బీరువా:
"ఆసుపత్రి మందే" అన్నమాట నిజమే, అందులోనే మోసం ఉంది. డిప్రెషన్‌కి ఇచ్చేది బీపీ, శ్వాస చూసుకుంటూ 40 నిమిషాల డ్రిప్‌గా, లెక్క ప్రకారం, డాక్టరు కళ్ల ముందు. గదిలో గంటకోసారి ముక్కుతో పీల్చడానికీ దానికీ పోలికే లేదు. మన దేశంలో 2011 నుంచి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందా, 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్‌లోనూ ఉంది. షెడ్యూల్ ఎక్స్ అంటే చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపు రెండేళ్లు దాచాలి. జిప్ కవర్‌లో వచ్చిందంటే ఆ దారిలో రాలేదు. అందులో ఇంకేం కలిపారో అమ్మినవాడికి కూడా తెలియదు.

కిట్ సంగతి: బయట దొరికే మామూలు ఐదు రకాల యూరిన్ కిట్ గంజాయి, ఓపియేట్లు, కొకైన్ వగైరా చూస్తుంది, కెటమిన్‌ని చూడదు. "నెగెటివ్ వచ్చింది" అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది ఇక్కడే. కెటమిన్ స్ట్రిప్ విడిగా ఉండాలి, అదైనా చివరిసారి వాడిన రెండు నుంచి నాలుగు రోజులవరకే, రోజూ వాడేవాళ్లలో ఇంకొంత ఎక్కువ. మీవాడు ఒప్పుకున్నాడు కాబట్టి దొంగచాటు టెస్టులు ఎందుకు? ఉన్న నమ్మకం కూడా పోతుంది.

వాల్తేరు_గాలి:
ముదిరిందో లేదో తెలియాలంటే మోతాదు పెరగడం చూడండి. దీనికి శరీరం చాలా త్వరగా అలవాటుపడుతుంది, మొదట్లో సరిపోయింది కొన్ని వారాలకే చాలదు. తగ్గించాలని చూసి తగ్గించలేకపోవడం, మూత్రంలో రక్తం చూశాక కూడా వాడటం, జనంలో కాక ఒంటరిగా గదిలో వాడటం, ఇవి రెండు మూడు ఉంటే అలవాటు దాటి వ్యసనం అయినట్టే.

ఇంట్లోవాళ్లకి దొరక్కపోవడానికి కారణం, వాసన ఉండదు, మత్తు గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. ఆ గంటలో చూస్తే మాట ముద్దగా, నడక తూలుతూ, కళ్లు ఒకచోట నిలవకుండా ఉంటాయి. ఎప్పుడూ కనిపించేవి వేరు: ముక్కులో పక్కులు, రక్తం, నిన్న మాట్లాడింది గుర్తులేకపోవడం, రూమ్ అద్దెకని వేసిన డబ్బు ఫోన్‌పేలో తెలియని నంబర్లకి చిన్నచిన్న ముక్కలుగా వెళ్లడం. అద్దె నేరుగా ఓనరుకే పంపండి.

ఆపాక మొదటి నాలుగైదు రోజులు కష్టం. వణుకు, చెమట, గుండెదడ, నిద్రలేమి, విపరీతమైన కోరిక. ఒకటి రెండు వారాల్లో ఒళ్లు సర్దుకుంటుంది. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకి ఉన్నట్టు దీనికి బదులు మాత్ర లేదు. నిద్రకీ ఆందోళనకీ కొద్దిరోజుల మందులు, ఆపైన నెలల తరబడి కౌన్సెలింగ్. దిగులు మాత్రం ఒంటికన్నా ఆలస్యంగా దిగుతుంది, చనిపోవాలన్న మాటలు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. రోజూ మద్యం లేదా నిద్రమాత్రలు కూడా తీసుకుంటుంటే ఇంట్లో ఒక్కసారిగా ఆపించొద్దు, ఫిట్స్ రావచ్చు. ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.

ఎక్కడికంటే: సైకియాట్రీకి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల, యూరాలజీకి మహారాణిపేట కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). ఓపీకి ఉదయమే వెళ్లండి, పాత రిపోర్టులన్నీ పట్టుకుని. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 14446, వ్యసనాల చికిత్సకి జాతీయ హెల్ప్‌లైన్. మానసిక ఆందోళనకి టెలీమానస్ 14416, రాత్రీపగలూ, తెలుగులో మాట్లాడతారు. 1972 అనేది ఈగల్ (రాష్ట్ర డ్రగ్స్ నిరోధక పోలీసు విభాగం) వాళ్లది, డ్రగ్స్ అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి. కంగారులో ఆ నంబర్లు కలిపేయకండి.

ఎంవీపీ_సెక్టార్:
చాలా థాంక్సండీ. డీఅడిక్షన్ అన్నమాట ఎత్తితే చాలు, ఫోన్ పెట్టేస్తున్నాడు. రానంటే ఏం చేయాలి?

వాల్తేరు_గాలి:
ఆ మాట ఎత్తకండి. మూత్రం నొప్పికి రమ్మంటే వస్తాడు, అది వాణ్ణి రోజూ బాధపెడుతోంది కాబట్టి. "గురువారం యూరాలజీకి వెళ్దాం, నేను తోడొస్తాను" అని ఒక్క మాట, మత్తులో లేనప్పుడు, పొద్దుట. అక్కడ డాక్టరు స్కాన్ చూపించి చెప్పే మాట ఇంట్లో పదిమంది చెప్పినదానికన్నా ఎక్కుతుంది. తొందరగా ఆపితే చాలామందిలో మూత్రాశయం నెలల్లో కోలుకుంటుంది, గోడ గట్టిపడ్డాక పూర్తిగా రాదు. ఆఖరికి పేగు ముక్కతో సంచి పెంచే ఆపరేషన్ దాకా వెళ్తుంది, అది చేశాక కూడా పౌడరు వాడితే కిడ్నీలు పోతాయి. బాబాయిగారికి చెప్పడం కూడా స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక, వాడి ఎదుటే అయితే మేలు.

నల్లకోటు:
కేసు గురించి. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ చూడండి. వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కెటమిన్‌కి చిన్న పరిమాణం అంటే 10 గ్రాములు. 500 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. ఆసుపత్రికి వెళ్లినందుకు కేసు కాదు, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మానసిక ఆరోగ్య చట్టం 2017 కింద రోగి హక్కు. కవర్లు సాక్ష్యంగా డాక్టరుకి మోసుకెళ్లకండి, ఫొటో చాలు. "మెల్లగా తగ్గిద్దాం" అని ఇంట్లోవాళ్లే కొని తెచ్చిస్తే అది నేరం.

ప్రైవేట్ సెంటరుకి వెళ్తే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అడగండి, సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారో అడగండి. "బండి పంపిస్తాం, ఎత్తుకొచ్చేస్తాం, ఆర్నెల్లు ఫోన్ ఉండదు" అనేవాళ్ల దగ్గరికి పోవద్దు. ఇష్టం లేని అడ్మిషన్‌కి మానసిక ఆరోగ్య చట్టంలో 89వ సెక్షన్ ఉంది: ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయివుండాలి, గడువు 30 రోజులు. గొలుసు వేయడం ఏ పరిస్థితిలోనూ చెల్లదు.

ఓపీ_చీటీ:
ఒకటి మర్చిపోయాం. వాడి రూమ్‌మేట్‌కి చెప్పి ఉంచండి: పిలిస్తే పలక్కుండా పడి ఉంటే ఎడమవైపు పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. నిమ్మరసం, మజ్జిగ నోట్లో పోయొద్దు. మద్యంతో కలిపి వాడినప్పుడు శ్వాస నెమ్మదిస్తుంది, 108కి ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా ఛాతీ కదలడం చూస్తూ పక్కనే ఉండాలి. ఏం వాడాడో అంబులెన్స్‌వాళ్లకి దాచకుండా చెప్పాలి. ఆ మత్తులో సముద్రంలోకి దిగనివ్వకండి, రుషికొండ దగ్గరే కదా ఉంటున్నాడు. కాళ్లూచేతులూ మాట వినవు, నీళ్లు మింగుతున్నా తెలియదు.