ఉగాది వేడుక: రేకుల షెడ్డుకి వైఫై ఎలా?

రిజిస్ట్రేషన్ టీం: అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర హాలు ఖాయమైంది. భోజనాలు, స్టాళ్లు మాత్రం వెనకున్న రేకుల షెడ్డులో. మొన్న చూడ్డానికి వెళ్తే షెడ్డు బయట హాలు వైఫై రెండు గీతలు చూపించింది, లోపలికెళ్లి తలుపు వేయగానే సున్నా. ఫోన్ సిగ్నలూ అంతే. కూపన్ల స్కానింగు, కార్డు పేమెంట్లు రెండూ అక్కడే. వైఫై సిగ్నల్ అందుకుని ఇంకాస్త దూరం పంపే ఎక్స్‌టెండర్ కొనేద్దామా?

టెక్ వాలంటీర్: దయచేసి కొనకండి. ఆ షెడ్డు గోడలూ, కప్పూ అంతా ఇనుప రేకే. సిగ్నల్ రేకుకి తగిలి వెనక్కి పోతుంది. ఎక్స్‌టెండర్ లోపల పెడితే దానికే సిగ్నల్ అందదు, బయట పెడితే అది పంపేది లోపలికి రాదు. తలుపు తెరిచి ఉన్నంతసేపు పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే. టెస్టింగులో పాసైపోతుంది, పండగ రోజు గాలి ఎక్కువైందని ఎవరో తలుపు మూస్తారు, క్యూ ఆగిపోతుంది.

రేకు దాటించాల్సింది వైరుతోనే. గోడ బయటిదాకా నెట్ ఎలా వచ్చినా సరే, అక్కణ్ణుంచి లోపలికి కేబుల్, లోపల ఒక యాక్సెస్ పాయింట్, అంటే ఆ కేబుల్లో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే డబ్బా.

కోశాధికారి: అయితే హాలు నుంచే కేబుల్ లాగేస్తే పోలా? 200 అడుగులు కూడా ఉండదు. ఖర్చూ తక్కువ.

టెక్ వాలంటీర్: దూరం సమస్య కాదండీ, ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా, అంటే సుమారు 328 అడుగులు వెళ్తుంది. మధ్యలో పార్కింగ్ ఉంది కదా, నేలమీద వేస్తే కార్లు తొక్కేస్తాయి. తవ్వాలంటే ఓనరు ఒప్పుకోవాలి, 811కి ఫోన్ చేసి గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించుకోవాలి. ఒక్కరోజు పండక్కి అంత అవసరమా? పైగా ఉగాది రోజుల్లో ఇక్కడ ఉరుములు మెరుపులు మామూలే. రెండు బిల్డింగుల మధ్య రాగి వైరు ఉంటే, దగ్గర్లో పిడుగు పడినా రెండు వైపులా పరికరాలు కాలిపోవచ్చు. శాశ్వతంగా వేసేవాళ్లు కరెంటు పారని ఫైబర్ (గాజు తీగ) వేసేది అందుకే.

మనకి వైర్‌లెస్ బ్రిడ్జి చాలు. టీపీ-లింక్, యూబిక్విటీ లాంటివాళ్లవి దొరుకుతాయి. రెండు చిన్న డబ్బాలు, మధ్యలో వైరు లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి నెట్ పంపుతాయి. ఒకటి హాలు బయటి గోడకి, ఇంకోటి షెడ్డు బయటి గోడకి, ఎదురెదురుగా. కరెంటు కూడా ఆ నెట్ కేబుల్లోనే వెళ్తుంది కాబట్టి బయట ప్లగ్గు వెతుక్కోనక్కర్లేదు. హాలు వైపు గోడలో పాత పైపు రంధ్రం ఉంది, అందులోంచి కేబుల్ దించుదాం. రంధ్రం ముందు కేబుల్‌ని కాస్త కిందికి వంచి వదలాలి, లేకపోతే వాన నీళ్లు వైరు వెంటే లోపలికొచ్చేస్తాయి. ఎత్తు 10 అడుగులకి తగ్గొద్దు. కేటరింగ్ వ్యాన్ అడ్డంగా పెట్టినా ఒకదానికొకటి కనపడాలి.

ఫుడ్ కమిటీ: మీరేం పెట్టుకున్నా సరే గానీ మా ప్లగ్గుల జోలికి రాకండి. వార్మర్లు, కాఫీ మెషీన్ అన్నీ అక్కడే.

టెక్ వాలంటీర్: నేనూ అదే అడగబోతున్నా వదినా. 15 ఆంపుల సర్క్యూట్ అంటే 120 వోల్టుల మీద 1800 వాట్లే. వార్మరూ కాఫీ మెషీనూ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది, నేనూ దానిమీదే ఉంటే నెట్ కూడా పోతుంది. స్టాళ్ల వైపు వేరే సర్క్యూట్ చూసుకుంటా.

స్టేజీ టీం: మా లైవ్ సంగతేంటి? షెడ్డులో అందరూ రీల్స్ చూస్తూ కూర్చుంటే మాకేం మిగులుతుంది?

టెక్ వాలంటీర్: లైవ్ హాలు రౌటర్ నుంచి నేరుగా వైరుతో. షెడ్డు పాస్‌వర్డ్ స్కానింగు, పేమెంట్ల వాళ్లకే. అన్నయ్యగారు అడిగినా ఇవ్వొద్దు, ముందే చెప్తున్నా 😀

రిజిస్ట్రేషన్ టీం: మరి అప్పటికీ రాకపోతే?

టెక్ వాలంటీర్: కూపన్ల లిస్టు ప్రింటు తీసి పెట్టుకోండి. కార్డు యాప్‌లో ఆఫ్‌లైన్ మోడ్ ఉంటే చిన్న మొత్తాలకే వాడండి. కార్డు తర్వాత డిక్లైన్ అయితే నష్టం మనమీదే పడుతుంది.

కోశాధికారి: బ్రిడ్జికి ఓకే. బిల్లు నాకు పంపండి. నిచ్చెన ఎవరి దగ్గరుంది?

టెక్ వాలంటీర్: నా దగ్గరుంది, కానీ కార్లో పట్టదు. ట్రక్కున్నవాళ్లు చెప్పండి. ముందురోజు సాయంత్రం వెలుతురుండగానే బిగించేద్దాం, తలుపులన్నీ మూసి టెస్టు చేద్దాం.