మొబైల్ గేమ్ సంస్థలో ఇంటర్న్‌షిప్: టెస్టింగా, ప్రోగ్రామింగా?

మూడో సంవత్సరం విద్యార్థి:

అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్‌లో మూడు నెలల పాటు ఏదైనా సంస్థలో ఇంటర్న్‌షిప్ చేసి, చివర ఒక నివేదిక సమర్పించాలి. రెండేళ్లుగా గేములు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌ను, అందులో కోడ్ రాసే భాష సీ షార్ప్‌ను సొంతంగా నేర్చుకుంటున్నాను. మూడు గేములు మొదలుపెట్టాను కానీ, నిజం చెప్పాలంటే, ఒక్కటీ పూర్తి కాలేదు.

నా ముందు ఇప్పుడు రెండు అవకాశాలు ఉన్నాయి. మొదటిది ఒక పెద్ద స్టూడియోలో, ఇప్పటికే ఆటగాళ్ల చేతుల్లో ఉన్న గేముకు టెస్టర్‌గా చేరడం. రెండోది నలుగురు పనిచేసే చిన్న సంస్థలో ప్రోగ్రామర్‌గా చేరడం. అక్కడున్న ఒక్క ప్రోగ్రామర్ ఈ మధ్యే మానేశారట, ఆయన సగంలో వదిలిన గేమును నేను పూర్తి చేయాలట. కోడ్ రాయాలన్నదే నా కోరిక కాబట్టి మనసు రెండోదాని వైపే మొగ్గుతోంది. పైగా ఒకసారి టెస్టింగ్‌లో అడుగుపెడితే ఇక ప్రోగ్రామర్‌గా ఎవరూ తీసుకోరని స్నేహితులు భయపెడుతున్నారు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

గేమ్ ప్రోగ్రామర్, పన్నెండేళ్ల అనుభవం:

మీరు రాసినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మాటవరసకు చెప్పి వదిలేశారు: అక్కడున్న ఒక్క ప్రోగ్రామరూ మానేశారు. అంటే మీరు రాసే కోడ్‌ను చదివి, ఇది ఇలా కాదని చెప్పే మనిషి ఆ సంస్థలో లేరు. మీరు అక్కడ నేర్చుకోవడానికి కాదు, ఒక ఖాళీని తక్కువ ఖర్చుతో నింపడానికి వెళుతున్నారు.

చెప్పేవారు లేకపోతే ఏం పోతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. గేము సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 తెరబొమ్మలు, చూపించాలంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లే దొరుకుతాయి. తుపాకి పేల్చిన ప్రతిసారీ ఒక గుండును కొత్తగా సృష్టించి, తగలగానే నాశనం చేసేలా కోడ్ రాస్తే మీ కంప్యూటర్‌లో ఏ తేడా కనిపించదు. మధ్యరకం ఫోన్‌లో మాత్రం, వాడి పారేసిన మెమరీని శుభ్రం చేయడానికి గార్బేజ్ కలెక్టర్ లేచిన ప్రతిసారీ ఆట ఒక్క క్షణం తడబడుతుంది. గుండ్లను ముందే కొన్ని తయారుచేసి పెట్టుకుని, వాటినే తిప్పి తిప్పి వాడుకోవాలని, దాన్నే ఆబ్జెక్ట్ పూలింగ్ అంటారని అనుభవజ్ఞులు అయిదు నిమిషాల్లో చెబుతారు. ఒంటరిగా ఉంటే, లోపం ఎక్కడుందో, ఏ పనికి ఎంత సమయం, మెమరీ పడుతోందో చూపే ప్రొఫైలర్‌లో వెతకాలన్న ఆలోచన రావడానికే నెల పట్టవచ్చు.

బొమ్మల సంగతీ అంతే. 2048 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న టెక్స్చర్‌ను (గేములో వస్తువులపై పరిచే బొమ్మను) కుదించకుండా పెడితే అదొక్కటే 16 మెగాబైట్ల మెమరీ తింటుంది. ఏఎస్‌టీసీ అనే కుదింపు పద్ధతిలో, 4×4 పిక్సెళ్ల బ్లాకులతో కుదిస్తే 4 మెగాబైట్లకు దిగుతుంది. ఇక పది నిమిషాలు ఆడాక ఫోన్ వేడెక్కి, ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకున్నప్పుడు గేము ఎలా నడుస్తుందన్నది కంప్యూటర్‌లో యూనిటీ ఎడిటర్ ముందు కూర్చుంటే ఎన్నటికీ తెలియదు.

అందుకని చేరేముందు రెండు సంస్థలనూ ఒకే ప్రశ్న అడగండి: నా పనిని రోజూ ఎవరు చూస్తారు? ఒక వ్యక్తిని చూపించి, వారానికి ఇన్ని గంటలు కేటాయిస్తారని చెప్పగలిగిన చోటికి వెళ్లండి. హోదా పేరును పట్టించుకోకండి.

టెస్టింగ్ బృందం నుంచి:

ముద్ర పడుతుందన్న భయానికి నేను జవాబు చెబుతాను. రోజంతా ఒకే లెవెల్‌ను వందసార్లు ఆడించి, దొరికిన తప్పులను ఎక్సెల్‌లో రాయించి పంపే చోట్లు లేకపోలేదు, అక్కడ మీ స్నేహితుల మాట నిజమే అవుతుంది. మంచి బృందంలో పని వేరుగా ఉంటుంది. ఆటగాడు నాణేలు కొంటుండగా, డబ్బు చెల్లించాక, నాణేలు చేతికి అందకముందే నెట్‌వర్క్ పోతే ఏమవుతుంది? రోజువారీ బహుమతి కోసం ఫోన్ గడియారాన్ని ఒక రోజు ముందుకు జరిపితే గేము మోసపోతుందా? ఆట మధ్యలో ఫోన్ వచ్చి, ఆ తరువాత ఆటగాడు వేరే యాప్‌లోకి వెళ్లి, ఈలోగా ఆపరేటింగ్ సిస్టమ్ గేమును మూసేస్తే సాధించిన ప్రగతి మిగులుతుందా? కొనుగోలు రసీదును సర్వర్‌లో ఎందుకు సరిచూడాలో, సమయాన్ని ఫోన్ నుంచి కాక సర్వర్ నుంచి ఎందుకు తీసుకోవాలో ఈ ప్రశ్నలు నేర్పినంత బాగా ఏ తరగతీ నేర్పదు.

ఫోన్ మోడల్, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, బిల్డ్ సంఖ్య (గేము ఏ ప్రతో తెలిపేది), తప్పు మళ్లీ కనిపించడానికి వేయాల్సిన అడుగులు, పదిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు వచ్చింది, ఇవన్నీ ఉన్న బగ్ రిపోర్ట్ రాయగలిగిన ఇంటర్న్‌ను ప్రోగ్రామర్లు తామే వెతుక్కుంటూ వస్తారు. మా దగ్గర ఇద్దరు అలాగే పరీక్షలను వాటంతటవే నడిపే ఆటోమేషన్ స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టి, ఆ తరువాత గేమ్‌ప్లే కోడ్‌కు మారారు. అయితే అది దానంతటదే జరగదు. కోడ్ రిపాజిటరీని (గేము కోడ్ అంతా దాచిపెట్టే చోటును) చదివే అనుమతి టెస్టర్లకు ఇస్తారా అని ఇంటర్వ్యూలోనే అడగండి, లేదంటే ఆ దారి మూసుకున్నట్టే.

చిన్న సంస్థలో ఇంటర్న్‌షిప్ చేసినవాడు:

పై మాటలతో నాకు పూర్తిగా ఏకీభావం లేదు. నేనూ చిన్న సంస్థలోనే చేశాను, అయిదుగురం ఉండేవాళ్లం. ప్రకటనలు చూపించే కోడ్ నుంచి స్టోర్ పేజీలో పెట్టే చిత్రాల దాకా అన్నీ నా చేతి మీదుగా వెళ్లాయి. పెద్ద స్టూడియోలో చేరిన నా సహాధ్యాయి మూడు నెలలూ ఒక్క మెనూ స్క్రీన్‌తోనే గడిపాడు. కాకపోతే నాకు సీనియర్ ఒకరు పక్కనే ఉండేవారు, ఆ తేడాను మీరు లెక్కలోకి తీసుకోవాలి.

మరో మాట. మీ మూడు సగం గేముల్లో అతి చిన్నదాన్ని ఈ నెలలోనే ముగించండి. సగంలో ఉన్న పెద్ద గేము కన్నా, మెనూ, శబ్దాలు, పాజ్ బటన్, ఓటమి తెర అన్నీ ఉన్న ఒక్క లెవెల్ గేముకే ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. గడువు లేనిదే పని సాగని స్వభావమైతే (నాది అదే) లూడమ్ డేర్ లాంటి గేమ్ జామ్‌లో (తక్కువ గడువులో గేము తయారుచేసే పోటీలో) పాల్గొనండి, అందులో ఒంటరిగా పోటీపడే విభాగానికి 48 గంటలే గడువు.

మూడో సంవత్సరం విద్యార్థి:

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ రెండు చోట్లా అడిగాను. చిన్న సంస్థవారు "మీరే చూసుకోవాలి, సందేహాలుంటే ఇంటర్నెట్ ఉంది కదా" అన్నారు. పెద్ద స్టూడియోవారు ఒక సీనియర్ టెస్టర్ పేరు చెప్పారు. రిపాజిటరీ చదవనిస్తారు కానీ, గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయాలన్నారు. సంతకం చేశాక కళాశాల నివేదికలో ఏం రాయాలి?

ఇంటర్న్‌షిప్‌లు పర్యవేక్షించే అధ్యాపకురాలు:

ఇది ఏటా వచ్చే చిక్కే. సంతకం చేయకముందే మీ మార్గదర్శక అధ్యాపకులకు ఒప్పందం సంగతి చెప్పి, కళాశాలకు నివేదిక ఇవ్వాల్సి ఉందని సంస్థకు కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. విడుదల కాని ఫీచర్లు, ఆదాయపు లెక్కలు, కోడ్, తెరచిత్రాలు నివేదికలో ఉండకూడదు. మీరు అనుసరించిన పరీక్షా పద్ధతిని, ఒక తప్పును ఎలా వెతికి పట్టుకున్నారో ఆ ఆలోచనా క్రమాన్ని రాయవచ్చు, మేము మార్కులు వేసేది కూడా దానికే. కోడ్ చూపించడం తప్పనిసరైతే, అదే సమస్యను మీ సొంత చిన్న గేములో తిరిగి సృష్టించి చూపించండి. ఆఖరి వారం దాకా ఆగకుండా, చిత్తుప్రతిని రెండో నెలలోనే సంస్థకు పంపి అనుమతి తీసుకోండి, ఎందుకంటే చివరి రోజుల్లో విడుదల హడావిడిలో ఉన్న బృందంలో దాన్ని చదివే తీరిక ఎవరికీ ఉండదు.

మూడో సంవత్సరం విద్యార్థి:

సరేనండి. రేపు మా సారుతో మాట్లాడి, ఒప్పందం ప్రతిని ముందుగా పంపమని స్టూడియోవారిని అడుగుతాను. ఈలోగా ఆ చిన్న గేముకు పాజ్ బటన్ పెట్టే పనిలో ఉంటాను.